అడిగితే చెప్పొద్దా?

"బోనం ఎత్తుకోనన్నదా లేదా? నీ చెవులతోని విన్నవా లేదా?"

సోమమ్మ కొంగు బిగించి నడుముకు చెక్కుకుంది. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లు అప్పటికే గుమిగూడారు. తెల్లారితే పోచమ్మ బోనాలు. గోడలకు సున్నం పూతలు సగంలో ఉన్నాయి, ఇత్తడి గిన్నెలు తోమేవాళ్లు లేక బావురుమంటున్నాయి. ఎవరికీ పనిమీద ధ్యాస లేదు. అందరి కళ్లూ ధనలక్ష్మి మీదే ఉన్నాయి.

"విన్న అత్తా."

"విని గమ్మున నిలవడ్డవేంది? నా మోకాళ్లు పనిచేస్తలేవని, ఈ యేడు నా మనమరాలు ఎత్తుకుంటదని ఊరంత చెప్పుకున్న. కొత్త కుండ తెచ్చిన. నిన్న మాపటికి అది నా ముంగట నిలవడి ఏమన్నది? 'రక్తం అడిగేది దేవత ఎట్లయితది నాయినమ్మా' అన్నది. గా మాట దానిది కాదు పిల్లా. బడిల నుంచి వచ్చింది. గా సైన్సు టీచరమ్మ నోట్ల నుంచి వచ్చింది."

"అడుగుదాం అత్తా. జెర ఆగు."

"ఆగేదేంది? బడి అమ్మల కమిటీకి నువ్వు చైర్మన్‌వి. నీ ఇంట్లనే గిట్లయితే ఇగ ఊరోళ్ల పిల్లల గతేంది?"

ఆడవాళ్లలో ఎవరో "అవు మరి" అన్నారు.

అప్పుడే ధనలక్ష్మి భర్త నర్సింగ్ లోపలికి వచ్చాడు. మందుల కంపెనీ బస్సు నడుపుతాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా జనం. చేతిలో టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే సంగతంతా విన్నాడు.

"అమ్మా, ఆ మేడం జోలికి పోకుండ్రి," అన్నాడు.

"ఎందుకు పోవద్దురా?"

"మొన్నటిదాకా నీ మనమరాలు నలుగుర్ల నోరు తెరవకపోతుండె. ఇయ్యాల మన ఊరి బోరు నీళ్ల మీద ఇంగ్లీషుల మాట్లాడుతున్నది. సోమవారం సంగారెడ్డిల జిల్లా సైన్సు పోటీ. తీస్కపోయేది ఎవరు? ఆ మేడమే. ఇప్పుడు లొల్లి పెట్టుకుంటే బిడ్డ పని ఏమైతది?"

"పోటీ కోసం పోచమ్మను అమ్ముకుంటవారా?"

నర్సింగ్ ముఖం మాడిపోయింది. డబ్బా అరుగు మీద పెట్టాడు.

కూతురు తనుశ్రీ ఇంట్లో లేదు. తొమ్మిదో తరగతి పిల్ల, అన్నం ముట్టకుండా అందరికంటే ముందే బడికి వెళ్లిపోయింది.

ధనలక్ష్మి మాత్రల ప్యాకింగు సెక్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ మాస్కు కట్టుకుని రోజంతా నోరు మెదపకుండా ఉండడం ఆమెకు అలవాటు. కానీ ఈ పొద్దున వేరు. భయం ఉంది, నిజమే. దాని కిందే ఇంకేదో ఉంది. ఏం చేస్తావని ఇంతమంది ఆమెను అడగడం ఇదే మొదలు.

"అత్తా, మీరు మెల్లగ రాండ్రి. నేను ముందుగాల పోయి మేడంతోని మాట్లాడుత."

"నేనొస్త," అన్నాడు నర్సింగ్.

"నువ్వు పండుకో. రాత్రంత బండి నడిపినవ్."

"లక్ష్మీ..." గొంతు తగ్గించాడు. "బిడ్డ మొకం చూసి మాట్లాడు."

ఆమె స్కూటీ తాళం తీసుకుంది. వెనకాల అత్త గొంతు వినిపిస్తూనే ఉంది: "నడువుండ్రే! దప్పు ఏది? రేపటి దప్పు ఇయ్యాలనే కొడదాం!"

*

ఎర్రకుంట బడి ఊరికీ కంపెనీలకీ మధ్యలో ఉంటుంది. పటాన్‌చెరు పోయే ఆటోలు, షిఫ్టు బస్సులు రోడ్డును ఆపేశాయి. ధనలక్ష్మి సందుల్లోంచి, గుంతల్లోంచి స్కూటీని తోలుకుపోయింది. గాలిలో ఎప్పుడూ ఉండే మందుల వాసన. చీర కుచ్చిళ్ల నిండా బురద చిందింది. పట్టించుకోలేదు.

హెడ్మాస్టరు కామేశ్వరరావు గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"రండి ధనలక్ష్మి గారూ, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. మధ్యాహ్న భోజనంలో గుడ్లు మిగిలిపోతున్నాయి. తొమ్మిదో తరగతిలో సగం మంది ముట్టడం లేదు. వంటామె నన్నడుగుతోంది, నేనేం చెప్పను?"

"మేడంని అడిగిండ్రా సార్?"

"అడుగుదామనే అనుకున్నాను." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆమె వచ్చాక పదో తరగతి ఫలితాలు ఎలా వచ్చాయో మీకు తెలుసు కదా. అలాంటి టీచరుతో ఈ మాట ఎలా ఎత్తడం?"

"నేనెత్తుత సార్. మా అత్త దప్పుతోని వస్తున్నది. గేటుకాడ మీరు నిలవడుండ్రి."

"దప్పుతోనా?" అన్నాడాయన. అప్పటికే ఆమె వరండా ఎక్కేసింది.

అలేఖ్య టీచరు సైన్సు గదిలో ఒక్కతే ఉంది. ముప్పై దాటని మనిషి. నూలు చీర, నుదుట సన్నని గంధం బొట్టు. సోమవారం పోటీకి తీసుకెళ్లాల్సిన నీళ్ల సీసాలను అట్టపెట్టెలో సర్దుతోంది.

"మీరొస్తారని తెలుసు," అంది. "తనుశ్రీ పొద్దున్నే చెప్పింది, ఇంట్లో గొడవైందని."

"అయింది మేడం. అసలు గొడవ ఇంక తొవ్వల నడిచొస్తున్నది."

అలేఖ్య సీసా కింద పెట్టింది. "నేను పాఠం పక్కన పెట్టి ప్రవచనాలు చెప్పలేదు ధనలక్ష్మి గారూ. పోషకాహారం పాఠం నడుస్తోంది. మేడం మీరు గుడ్డెందుకు తినరని ఓ పిల్ల అడిగింది. మా అమ్మ మంచం పట్టినప్పుడు నేను ఎట్లా కుంగిపోయానో, పటేల్‌గూడలో ధ్యాన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టాక మళ్లీ ఎట్లా నిలబడ్డానో చెప్పాను. అడిగితే చెప్పొద్దా? నవ్వి ఊరుకోవాలా? అబద్ధం చెప్పాలా?"

ధనలక్ష్మి దారి పొడుగునా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేసింది.

"చెప్పొచ్చు మేడం. 'నేను గుడ్డు తినను' అంటే అది మీ ముచ్చట. ఎవరు కాదంటరు? తినేటోళ్లది పాపమంటే మాత్రం అది మా ముచ్చట గూడ అయితది."

"నేను పాపమనలేదు."

"రక్తం అడిగేది దేవత కాదన్నరా, అనలేదా?"

మూలన కుళాయి కారుతోంది. అలేఖ్య దాన్ని గట్టిగా తిప్పి కట్టేసింది. తిరిగి వచ్చి నిలబడింది.

"అన్నాను. బోనాల మాట వచ్చింది. కోడిని కోస్తే దేవుడు ఒప్పుకుంటాడా మేడం అని అడిగారు. నేను నమ్మేది చెప్పాను."

"నేను చెప్తే అది ముచ్చట. మీరు చెప్తే అది పాఠం. పరీక్షల వస్తదనుకుంటరు పిల్లలు."

అలేఖ్య ముఖం ఎర్రబడింది. "మరి మీ ఇంట్లో సంగతేంటి? బోనం ఎత్తుకుంటావా అని ఆ పిల్లని ఎవరైనా అడిగారా? కుండ కొన్నారు, ఊరంతా చెప్పుకున్నారు. మీరు చెబితే ఆచారం, నేను చెబితే నేరమా?"

ధనలక్ష్మికి కోపం ముంచుకొచ్చింది. ఎందుకొచ్చిందో కూడా ఆమెకు వెంటనే తెలిసింది. నిజంగానే ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"అమ్మా, మేడంని ఏమనకు."

తనుశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో ఏమో, రెండు జడలూ ముందుకు వేసుకుని వాటి కొసలు పట్టుకుంది.

"మేడం నన్ను బోనం ఎత్తుకోవద్దనలేదు."

"మరెందుకు ఎత్తుకోనంటున్నవు బిడ్డా?"

తనుశ్రీ జడల కొసలు వేలికి చుట్టుకుంది.

"తనూ, నన్ను చూడు. నేను కొట్టనొచ్చిన్నా? తిట్టనొచ్చిన్నా? చెప్పు."

"అన్నాలకాడ రెండు వరుసలైనయి అమ్మా." మాట ఒక్కసారిగా తోసుకొచ్చింది. "గుడ్డు తిననోళ్లు స్టేజి దిక్కు కూసుంటున్నరు. తినేటోళ్లు చేతులు కడిగే నల్లాల దిక్కు. నల్లాల దిక్కోళ్లను 'రక్తం బ్యాచ్' అంటున్నరు. మేడం చెప్పింది గదా అంటున్నరు. రేపు నేను బోనం ఎత్తుకున్ననంటే సోమవారం నుంచి నన్ను గూడ గదే పేరుతోని పిలుస్తరు."

"నువ్వు ఏ దిక్కు కూసుంటున్నవు?"

"స్టేజి దిక్కు." తల వంచుకుంది. "నాకు గుడ్డంటే ఇష్టమే అమ్మా."

అలేఖ్య బల్ల అంచు పట్టుకుంది. "ఎవరన్నారు ఆ మాట? నాకెందుకు చెప్పలేదు తనూ? నేను రోజూ అక్కడే తిరుగుతాను కదా."

"మీరు వస్తే అందరు సప్పుడు చెయ్యరు మేడం." టీచరు ముఖంలోకి చూసి, "మీరు బాధపడతరని చెప్పలే," అంది.

అలేఖ్య స్టూలు మీద కూర్చుండిపోయింది. ధనలక్ష్మి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఒక మంచి మనిషి తన మాట ఎక్కడిదాకా పాకిందో చూసుకుంటుంటే పక్కన నిలబడడం చాలా కష్టం. ఆమె వెళ్లి బిడ్డ భుజం మీద చెయ్యేసింది.

అప్పుడు బయట దప్పు మోగింది.

*

బడి మొత్తం కిటికీల్లోకి వచ్చేసింది. గేటు దగ్గర కామేశ్వరరావు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, ఇది బడి! పాఠాలు జరుగుతున్నాయి!"

"ఏం పాఠాలు సారూ? మా తల్లిని తిట్టే పాఠాలా?" సోమమ్మ ఆయన చెయ్యి కిందుగా వంగి లోపలికి వచ్చేసింది. మోకాళ్ల నొప్పి ఆమెకు ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు. వెనకాలే మిగతా ఆడవాళ్లు, వాళ్ల వెనక దప్పు. "ఏది ఆ టీచరమ్మ? పిలువుండ్రి!"

పిలవాల్సిన పని లేకపోయింది. అలేఖ్య మెట్లు దిగి మైదానంలోకి నడిచి వస్తోంది. దప్పు చప్పుడు దానంతటదే ఆగిపోయింది.

"నేనే అమ్మా అలేఖ్యను. మీరడగాలనుకున్నది అడగండి. కానీ ముందు నా మాట ఒకటి. తప్పు నాది."

సోమమ్మ నడుముకు చెక్కుకున్న కొంగు మళ్లీ బిగించింది. తర్వాత కోపంగానే అంది:

"గట్లెట్ల ఒప్పుకుంటవ్? నేనింక తిట్టనే లేదు!"

ఎవరో కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"తిట్టండి అమ్మా, వింటాను."

"నీ దేవుడు నీకు పెద్దోడు. నేను కాదంటనా? నాకు జ్వరమొస్తె, పిల్లకు అమ్మవారు పోస్తె నేను ఎవరికి మొక్కిన? గామెకే మొక్కిన. కలుపు తీసినప్పుడు, నాట్లేసినప్పుడు, కంపెనీల ఊడ్వబోయినప్పుడు, ఎప్పుడన్న నన్ను ఇడిసిపెట్టిందా? గసువంటి తల్లిని నువ్వు దేవత గాదంటవా? నా మనమరాలు నీకాడికి సైన్సు నేర్వనీకి వచ్చింది. నన్ను చూసి సిగ్గువడుడు నేర్వనీకి గాదు."

చివరి మాట అంటూ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. వాకిట్లో అరిచిన అరుపుల వెనకాల ఉన్నది ఈ మాటేనని ధనలక్ష్మికి అప్పుడు అర్థమైంది.

"నా నమ్మకం మారలేదమ్మా," అంది అలేఖ్య. "కోడిని కోయడం నాకు ఇవాళ్టికీ ఇష్టం లేదు. మీ ముందు అబద్ధమాడను. కానీ మీ దేవతను ఎక్కువా తక్కువా అని తూచడానికి నన్ను ఈ బడికి పంపలేదు. పిల్లలడిగితే నేను ఇట్లా నమ్ముతాను అని ఊరుకోవాల్సింది. ఇంకో మాట ఎక్కువన్నాను. ఆ మాట పిల్లల్ని రెండు వరుసలు చేసింది."

"రెండు వరుసలేంది?" అంది సోమమ్మ.

ధనలక్ష్మి చెప్పింది. గుడ్డు సంగతి, నల్లాల సంగతి, ఆ పేరు సంగతి. వింటున్న తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో స్టేజి వైపు కూర్చునే పిల్లల తల్లులూ ఉన్నారు.

"మేడం తొమ్మిదో తరగతికి పోయి ఇదే మాట పిల్లల ముంగట చెప్తది," అంది ధనలక్ష్మి. ఇంతమందిలో తన గొంతు ఇంత స్పష్టంగా రావడం ఆమెకే కొత్తగా ఉంది. "ఇయ్యాల్టి నుంచి అన్నాలకాడ ఒకటే వరుస. ఇష్టమున్నోళ్లు గుడ్డు తింటరు, లేనోళ్లు లేదు. ఎవరన్న పేరు పెట్టి పిలిస్తె కమిటీ ముంగటికి రావాలె. ఏమంటరు?"

"మంచిగనే ఉన్నది," అన్నారు ఆడవాళ్లు.

సోమమ్మ టీచరును ఎగాదిగా చూసింది. "రేపు మా ఇంటికి రా. నీకు కోడికూర పెడ్తమా ఏంది? బెల్లమన్నం తిని పో."

అలేఖ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ధనలక్ష్మికి అక్కడితో ఆగాలనే అనిపించింది. ఆగలేకపోయింది. "ఇంకొక్క మాట అత్తా. బోనం సంగతి తనును మనం గూడ అడుగుదాం."

"అడుగుడేంది?" సోమమ్మ ముఖంలో నవ్వు మాయమైంది. "మన ఇంటి ఆనవాయితికి అడుగుడేంది పిల్లా?"

"మేడం చెప్పిందని అది వద్దనొద్దు. మనం చెప్పినమని ఎత్తుకోవద్దు."

అత్తాకోడళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ధనలక్ష్మి ఆమెకు నలుగురిలో ఎదురు చెప్పింది లేదు. సోమమ్మ పెదవులు కదిలాయి. ఆ మాట ఏమై ఉండేదో తెలియదు. గేటులోంచి జీపు లోపలికి వచ్చింది.

*

దిగినాయన విద్యాశాఖ అధికారి. నేరుగా కామేశ్వరరావు గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. అత్తాకోడళ్లు, అలేఖ్య వెనకే వెళ్లారు.

"మీ బళ్లో ఒక టీచరు మత ప్రచారం చేస్తున్నారని రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది. పాండు అనే వార్డు మెంబరు ఇచ్చాడు, ఊళ్లోవాళ్ల తరఫున."

ధనలక్ష్మి అత్త వైపు తిరిగింది. పాండు సోమమ్మ తమ్ముడి కొడుకు.

"నిన్న మాపటికే చెప్పిన బిడ్డా," అంది సోమమ్మ గొణుగుతున్నట్టు. "కోపంల చెప్పిన. వాడు నిజంగ ఇస్తడని..." చటుక్కున అధికారి ముందుకు జరిగింది. "సారూ, ఒడిసిపోయింది. మేం మేం మాట్లాడుకున్నం. ఆ కాయితం ఇచ్చెయ్యి, ఇంటికి వోతం."

"అమ్మా, అది మీ ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు. విచారించాలి. నిజమని తేలితే ఆ టీచరును ఇవాళే ఇక్కడి నుంచి పంపించాలి. సోమవారం వేరే బళ్లో చేరాలి."

సోమవారం. ధనలక్ష్మికి సైన్సు గదిలో అట్టపెట్టె, అందులో సర్దిన సీసాలు కళ్లముందు కదిలాయి.

"నేనే చెబుతాను సార్," అంది అలేఖ్య.

"మీ మాట తర్వాత వింటానమ్మా. ముందు క్లాసులో విన్న పిల్లలు చెప్పాలి. తొమ్మిదో తరగతి నుంచి ఎవరినైనా పిలవండి."

పిలవక ముందే తనుశ్రీ వచ్చి నిలబడింది. తొమ్మిదో తరగతి అంతా వరండాలోనే ఉంది. ముందుకు వచ్చింది మాత్రం ఒక్కతే.

"నీ పేరేంటమ్మా?"

"తనుశ్రీ సార్."

"భయపడకు. మీ టీచరు క్లాసులో దేవుళ్ల గురించి ఏం చెప్పారు?"

గదిలో ఫ్యాను కిరకిరలాడుతోంది.

"ఏమన్లేదని చెప్పు బిడ్డా," అంది సోమమ్మ. తెల్లవారిన దగ్గర నుంచి ఊరినంతా కూడగట్టిన మనిషి. "ఏమన్లేదు సారూ, పిల్లలు ఊకె అనుకున్నరు."

"వద్దమ్మా," అంది అలేఖ్య. ఆమె గొంతు చిన్నగానే ఉంది, కానీ తడబడలేదు. "తనూ, ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ. నా గురించి ఆలోచించకు."

తనుశ్రీ ఇద్దరినీ చూసింది. ఆ తర్వాత అమ్మను చూసింది.

ధనలక్ష్మి నోరు తెరిచింది. నిజం చెప్పమంటే ఆ టీచరు పోతుంది, సోమవారం పోతుంది. అబద్ధం చెప్పమంటే మైదానంలో ఇందాక తను అన్న మాటలకు అర్థమే లేదు. కమిటీ చైర్మన్‌గా ఒకటి చెప్పాలి, తల్లిగా ఇంకొకటి చెప్పాలి. అసలు ఏదీ చెప్పకూడదేమో. తెరిచిన నోరు మూసుకుంది.

"చెప్త సార్," అంది తనుశ్రీ. జడల కొసలు వదిలేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "కానీ ముందు వీళ్లందర్ని బయటికి పంపుండ్రి. మేడంని, మా నాయినమ్మని." తల్లి వైపు తిరిగింది. "మా అమ్మని గూడ."

అధికారి కళ్లద్దాల పైనుంచి ఆ పిల్లను కొత్తగా చూశాడు. తర్వాత తలుపు వైపు చెయ్యి చూపించాడు.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. లోపలి నుంచి తలుపు మూసుకుంది. సోమమ్మ తలుపుకు చెవి ఆనించబోయి, కోడలు చెయ్యి పట్టుకుని ఆపితే ఆగిపోయింది. అలేఖ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

లోపల తనుశ్రీ మాట్లాడుతోంది. 'నాకు గుడ్డంటే ఇష్టమే సార్' అన్న ఒక్కటి తప్ప మాటలు తెలియడం లేదు. కానీ ఆ గొంతు ఎక్కడా తడబడడం లేదు, ఆగడం లేదు.